స్నానపు వేన్నీళ్లు, గ్యాస్ గీజర్

సంగారెడ్డి జిల్లాలో, కర్ణాటక సరిహద్దు వైపున ఉన్న నాగల్‌గిద్ద మండలంలో చలి కొద్ది నెలలే గనుక, బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువారి ఇళ్లలో మాదిరిగా గ్యాస్ బాయిలర్‌తో నీటిని కాచి, గొట్టాల ద్వారా గదులన్నింటినీ వెచ్చబరిచే ఏర్పాటు ఇక్కడ అక్కరలేదు; కావలసింది స్నానానికి వేన్నీళ్లు. కుళాయి తిప్పగానే మంట అంటుకొని, రాగి గొట్టంలో పారే నీటిని అప్పటికప్పుడే వేడిచేసే గ్యాస్ గీజర్ ఆ పని చేస్తుంది.

కొనేటప్పుడు, మంట ఆరితే గ్యాస్‌ను తనంతట తానే ఆపివేసే ఏర్పాటు ఉన్నదో లేదో చూడాలి. ధర కంటె ముఖ్యమైనది అమర్చే చోటు. గాలి చాలని గదిలో గ్యాస్ పూర్తిగా మండక, రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. అది రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌ను గట్టిగా పట్టుకొంటుంది కాబట్టి, స్నానం చేస్తున్న మనిషి తలుపు గడియ తీసేలోపే స్పృహ తప్పవచ్చు. అందువల్ల గీజర్‌ను గాలి ఆడే బయటి గోడకు బిగించి, నీటి గొట్టాన్ని మాత్రమే లోపలికి తీసుకోవాలి.

బోరునీటిలోని సున్నం రాగి గొట్టంలో పేరుకొని వేడిని అడ్డగిస్తుంది గనుక ఏటా మెకానిక్ చేత శుభ్రం చేయించడం, నీలి మంట పసుపుగా మారితే వాడకం ఆపడం అవసరం. సిలిండర్ పిడి పట్టీపై ‘ఏ’ నుంచి ‘డి’ వరకు ఉండే అక్షరం దాన్ని తిరిగి పరీక్షించవలసిన త్రైమాసికాన్ని, పక్కనున్న అంకెలు సంవత్సరాన్ని సూచిస్తాయి. ఆ గడువు దాటిన సిలిండర్‌ను తీసుకోకూడదు. గ్యాస్ లీకైతే కిటికీలు తెరిచి, స్విచ్చులు ముట్టకుండా బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయాలి.