వలకి సీసం గుండ్లు... పాపకి ముప్పు!

మొన్న యూట్యూబ్‌లో ఒక వీడియో చూశా. అమెరికాలో ఒకాయన ఇంట్లోనే సీసం కరిగించి తుపాకీ బుల్లెట్లు పోస్తున్నాడు. వాటికి రంగు పొడి అద్ది చిన్న ఓవెన్‌లో కాలిస్తే ఎర్రగా, నీలంగా చాక్లెట్లలా మెరుస్తున్నాయి. అక్కడ అదో హాబీ. మన దగ్గర లైసెన్స్ లేకుండా తూటాలు చేస్తే 1959 ఆయుధాల చట్టం కింద జైలే!

కానీ ఆ పని నాకు కొత్తగా అనిపించలేదు. మైపాడులో మా మామ పెరట్లో చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. ఆయన పోసేది బుల్లెట్లు కాదు, విసురు వల అంచుకి కట్టే సీసం గుండ్లు.

సీసమే ఎందుకంటే, అది నీళ్లకన్నా 11 రెట్లు బరువు. 327 డిగ్రీలకే కరుగుతుంది. ఇనుముకైతే 1,538 డిగ్రీలు కావాలి. అంటే కట్టెల పొయ్యి, పాత మూకుడు చాలు.

చిక్కంతా ఇక్కడే. అచ్చులో ఒక్క నీటి చుక్క ఉన్నా ఒక్కసారిగా ఆవిరై, కరిగిన సీసం మొహమ్మీదికి చిమ్ముతుంది. పైన తేలే తెట్టు ఎండి దుమ్మవుతుంది. అది చేతులకి, బట్టలకి అంటి ఇంట్లోకి వస్తుంది. పాత బ్యాటరీ పగలగొట్టి సీసం తీస్తే యాసిడ్ బెడద అదనం. కొందరైతే గుండుని పళ్లతో కొరికి బిగిస్తారు!

సీసం ఇంత వరకు ఫర్వాలేదు అనే లెక్కే లేదంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. నోట్లోకి వెళ్లిన సీసాన్ని చిన్నపిల్లల ఒళ్లు పెద్దవాళ్లకన్నా 4-5 రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. మిగిలింది ఎముకల్లో చేరి ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

మరి బుల్లెట్లలా రంగు పూత వేస్తే? చేతికి అంటడం తగ్గుతుందంతే. కరిగించేటప్పుడు వచ్చే పొగ, దుమ్ము ఎక్కడికీ పోవు. పైగా ఇసుకలో రాసుకుని పూత లేచిపోతుంది. హంసలు మింగి చచ్చిపోతున్నాయని బ్రిటన్‌లో చిన్న సీసం గాలం బరువులను 1987లోనే నిషేధించారు.

ఇదంతా చెబితే మామ నవ్వాడు. "ఏంది అల్లుడూ, నలభై ఏళ్లనుంచి పోస్తన్నా, నాకేమైంది?"

అప్పుడే మూడేళ్ల మనవరాలు గుండొకటి నోట్లో పెట్టుకోబోయింది. మామ గబుక్కున లాక్కున్నాడు. ఇక నవ్వలేదు.

ఇప్పుడు పొయ్యి ఇంటికి దూరంగా మారింది. గుండ్ల సంచి పాపకి అందని ఎత్తులో మేకుకి వేలాడుతోంది. పని అయ్యాక సబ్బుతో చేతులు కడిగి, బట్టలు మార్చాకే పాపని ఎత్తుకుంటున్నాడు. రక్తపరీక్షలో సీసం ఎంతుందో తెలుస్తుంది. పాపకి అది చేయించాలి.

మీ ఇంట్లోనూ వలలుంటే, ఈసారి ఊరెళ్లినప్పుడు ఆ గుండ్లు ఎక్కడున్నాయో ఓసారి చూడండి.