కడుపుకు పట్టీ - భోజనానికి నిదానం

రెండేళ్ళ క్రిందట కైకలూరులో మా బంధువుల ఇంట పెళ్ళి జరిగింది. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మా బావ ఒకడు దానికి వచ్చాడు. మునుపటి కంటె బాగా సన్నబడ్డాడు. బంతిలో నా ప్రక్కనే కూర్చున్నాడు. విస్తరిలో వడ్డించినది వడ్డించినట్లే ఉన్నది. అతడు మాత్రం రెండు వ్రేళ్ళతో చిటికెడు పప్పన్నం తీసుకొని, ఏదో లెక్క పెట్టుకొనేవానివలె నమలుతున్నాడు. "ఏం బావా, కొత్త అల్లుడిలా ఆ మొహమాటమేమిటి?" అని నవ్వి, వడ్డించే కుర్రవాణ్ణి పిలిచి, వద్దంటున్నా రెండు గారెలు వేయించాను. పదిమందీ చూస్తుండగా కాదనలేక గారె తుంచి మింగాడు. రెండు నిమిషాలు గడిచాయో లేదో, రొమ్ము మధ్య చేయి ఆనించుకొని, నోటినిండా ఊరిన లాలాజలంతో పెరటిలోకి వెళ్ళిపోయాడు. అరగంటకు తిరిగి వచ్చి, "నా కడుపుకు పట్టీ ఉందిరా. నీకు చెప్పలేదు కదూ!" అన్నాడు.

నేను జంతుశాస్త్రం బోధిస్తాను. జీర్ణమండలం పటాన్ని ఏటేటా నల్లబల్ల మీద గీస్తాను. ఆ పటంలోని సంచికి ఒక పట్టీ కడితే ఏమవుతుందో ఏనాడూ ఆలోచించలేదు. ఆ రాత్రి బావ చెప్పినదీ, తరువాత నేను చదివి తెలుసుకొన్నదీ కలిపి ఇక్కడ వ్రాస్తున్నాను.

మనం మింగిన ముద్ద సుమారు 25 సెంటీమీటర్ల పొడవు గల అన్నవాహిక గుండా దిగి జీర్ణాశయం చేరుతుంది. జీర్ణాశయం సాగే సంచి. కడుపునిండ తిన్నప్పుడు లీటరు మొదలు లీటరున్నర వరకు పట్టగలదు. శస్త్రవైద్యుడు ఈ సంచి పైకొనకు కొంచెం దిగువగా సిలికోన్ పట్టీని చుట్టి బిగిస్తాడు. దానితో సంచి రెండు అరలవుతుంది. పై అరలో పట్టేది 15 నుండి 25 మిల్లీలీటర్లు, అంటే ఒకటి రెండు పెద్ద చెంచాలు మాత్రమే. పట్టీ లోపలి అంచున ఒక బుడగ, దానినుండి ఒక సన్నని గొట్టం, గొట్టం చివర చర్మం క్రింద అమర్చిన చిన్న డబ్బీ ఉంటాయి. వైద్యుడు ఆ డబ్బీలోకి సూది గ్రుచ్చి ఉప్పునీరు ఎక్కిస్తే పట్టీ బిగుస్తుంది, తీసివేస్తే వదులవుతుంది. జీర్ణాశయాన్ని కోయడం గాని, ప్రేగులను మళ్ళించడం గాని ఇందులో లేదు. బిగువు మార్చుకోదగిన ఇట్టి పట్టీని అమెరికాలో కుజ్మాక్ అనే వైద్యుడు 1986లో అమర్చాడు. పొట్ట తెరవకుండా, లాపరోస్కోపు అనే దర్శినీ గొట్టం సాయంతో దానిని అమర్చే పద్ధతిని బెల్జియంలో బెలాచ్యూ 1993లో ప్రారంభించాడు. అమెరికా ప్రభుత్వ ఔషధ నియంత్రణ సంస్థ 2001లో అనుమతి ఇచ్చింది.

నాలుగు కిలోలు తగ్గదలచినవారికి చేసే పని కాదిది. కిలోలలో బరువును, మీటర్లలో ఎత్తు యొక్క వర్గంతో భాగిస్తే వచ్చే సంఖ్యను శరీర ద్రవ్యరాశి సూచి అంటారు. అది 40 దాటినవారికి, లేదా 35 దాటి మధుమేహం వంటి వ్యాధి కూడా ఉన్నవారికి మాత్రమే ఇట్టి శస్త్రచికిత్సలు తగునని 1991లో అమెరికా నిపుణులు నిర్ణయించారు. 2022లో ఆ హద్దులను సడలించారు. ఆసియా వాసుల విషయంలో 27.5 నుండే ఆలోచించవచ్చునన్నారు. ఈనాడు పట్టీ వాడుక బాగా తగ్గింది. జీర్ణాశయంలో అధికభాగాన్ని కోసి తీసివేసి, సన్నని గొట్టంలా మిగిల్చే పద్ధతి దాని స్థానాన్ని ఆక్రమించింది. అయినా పట్టీ కట్టించుకొన్నవారు మన బంధువర్గంలోనే ఉండవచ్చు, మా బావ ఉన్నట్లు.

ఇక పట్టీ పనిచేసే తీరు చూతము. కైకలూరు పిల్లలకైతే కొల్లేరును చూపితే సగం పాఠం అయినట్లే. బుడమేరు, తమ్మిలేరు మున్నగునవి తెచ్చిన నీరు కొల్లేటిలో చేరుతుంది. సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. అది సుమారు 60 కిలోమీటర్ల పొడవైన ఇరుకు దారి. వచ్చే నీటి వేగం పోయే నీటి వేగాన్ని మించితే నీరు వెనుకకు ఎగదన్నుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచి కొల్లేటికి చేరినప్పుడు లంక గ్రామాల దారులు నీట మునిగాయి. పట్టీ ఉన్న మనిషి గబగబా తింటే జరిగేదీ ఇదే. ముద్ద మీద ముద్ద పడి, చిన్న అర నిండి, అన్నవాహికలోకి ఎగదన్నుతుంది. రొమ్ము మధ్య నొప్పి, నోటిలో నురుగు, పిమ్మట కక్కు.

ఈ ఉపమానాన్ని ఇంకొక అడుగు ముందుకు లాగితే మాత్రం తప్పవుతుంది. పై అర చెరువులా నిండి, ఆహారం అక్కడే చాలాసేపు నిలిచి, మెల్లగా జారడం వలన ఆకలి తీరుతుందని వైద్యులు కూడా మొదట తలచారు. ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్‌లో పాల్ ఓబ్రయన్ మొదలైనవారి పరిశోధనలు వేరొక సంగతిని బయటపెట్టాయి. పట్టీ సరైన బిగువులో ఉన్నప్పుడు ఆహారం పై అరలో నిలువనే నిలువదు. అన్నవాహిక కండరాలు రెండు మొదలు ఆరుసార్ల వరకు పిండి, నమిలిన ఒక చిన్న ముద్దను విడతలుగా పట్టీ గుండా త్రోసివేస్తాయి. ఇందుకు ఒక నిమిషం దాకా పట్టవచ్చు. ఆ త్రోపిడిలో జీర్ణాశయం పైభాగపు గోడలోని నాడీ అగ్రాలు ఒత్తిడిని గ్రహించి, వేగస్ నాడి ద్వారా "చాలు" అనే వార్తను మెదడుకు పంపుతాయని వారి అభిప్రాయం. కాబట్టి పై అరను చెరువుతో గాక మన కాలువ మీది లాకుతో పోల్చడం మేలు. లాకులో ఒక పడవ దాటిన పిమ్మటనే రెండవ పడవకు తలుపు తీస్తారు. రెండు పడవలను ఒకేసారి దూర్చబోతే రెండూ ఇరుక్కుంటాయి.

దీనినిబట్టి భోజన వేగాన్ని లెక్క కట్టవచ్చు. ముద్ద బఠాణీ గింజంత; పిండిలా అయ్యేదాకా నమలడం; మింగిన తరువాత ఒక నిమిషం ఆగడం. అంటే ఇరవై నిమిషాలలో ఇరవై ముద్దలు. భోజనం అంతే. అరగంట దాటి కూర్చోవడమూ మంచిది కాదు, అది మెల్లగా ఎక్కువ తినడం అవుతుంది. నేను ఇంట్లో గడియారం ముందు పెట్టుకొని చూశాను; నా మామూలు ముద్దలు ఇరవై, నాలుగు నిమిషాలలో ముగిశాయి. విద్యార్థులు ఎవరి లెక్క వారు చూసుకోవచ్చు. పట్టీ లేనివారికి కూడా ప్రేగులనుండి వచ్చే తృప్తి హార్మోనులు మెదడును ప్రభావితం చేయడానికి పదిహేను, ఇరవై నిమిషాలు పడుతుంది. నాలుగు నిమిషాలలో ముగించే నాబోటివాడు ఆ వార్త అందకముందే మారు అన్నం అడుగుతాడు.

చేతితో తినే అలవాటు మరొక చిక్కు. మన చేతిలో కలిసే ముద్ద నిమ్మకాయంత ఉంటుంది. మా బావ ఇంట్లో చంటిపిల్లల చెంచా, చిన్న గిన్నె వాడుతాడట. పెళ్ళిలో చెంచా అడగడానికి సిగ్గుపడ్డాడు.

ఏ పదార్థం ఎలా దిగుతుందనేది దాని అల్లికను బట్టి ఉంటుంది. మెత్తగా ఉడికిన జిగురన్నం నోటిలో విడిపోయినా లోపల మళ్ళీ అంటుకొంటుంది. రొట్టె, పూరీ, గారె ఉబ్బి ముద్ద కడతాయి. వేటమాంసం, కోడిరొమ్ము నారలు నారలుగా మిగులుతాయి. ములక్కాడ పీచు, బత్తాయి తొన పొర, పచ్చికొబ్బరి కూడా ఆ జాతివే. చేప సంగతి వేరు. చేప కండలోని తంతువులు పొట్టివి. వాటిని పట్టి ఉంచే పొర పలుచన, వేడికి త్వరగా కరిగిపోతుంది. అందువలననే పులుసులో ఉడికిన ముక్క వ్రేలితో తాకితే రేకులుగా విడిపోతుంది. ఈ విషయంలో కొల్లేటి ప్రాంతంవారు అదృష్టవంతులే. అయితే శీలావతి, బొచ్చె వంటి చేపల కండలో సన్నని చీలిక ముళ్ళు దాగి ఉంటాయి. వాటిని ఓపికగా ఏరవలసిందే. కొర్రమీనుకు ఆ బెడద తక్కువ. ఆటపాకలో గూడబాతు చేపను ముళ్ళతో సహా గుటుక్కున మింగడం పిల్లలు చూసే ఉంటారు. దానికి అన్నవాహిక అంత వెడల్పుగా సాగుతుంది, మన బావలకు సాగదు. పట్టేది కొంచెమే కనుక చేప, గ్రుడ్డు, పెసరపప్పు, పెరుగు వంటి మాంసకృత్తులు గల పదార్థాలను ముందు తిని, అన్నాన్ని చివరకు ఉంచమంటారు. మన బంతి వరుసకు ఇది పూర్తిగా తలక్రిందులు.

ముద్ద అడ్డుపడితే నీళ్ళు త్రాగించడం మనకు అలవాటు. ఇక్కడ అది కూడదు. దారి మూసుకొని ఉండగా పై నుండి నీరు పోస్తే చిన్న అర ఉబ్బి కక్కు మరింత ఎక్కువవుతుంది. భోజనంతోపాటు నీళ్ళు త్రాగవద్దని, కొంతసేపు ఆగి త్రాగమని వైద్యులు చెప్పేది ఇందుకే. ఇంతకూ పట్టీ అడ్డుకోలేని శత్రువులు కూడా ద్రవాలలోనే ఉన్నాయి. పాయసం, ఐస్‌క్రీము, శీతలపానీయం ఏ ఆటంకమూ లేకుండా దిగిపోతాయి. ఘనపదార్థాలు ఇబ్బంది పెడుతున్నాయని వీటివైపు తిరిగినవారు పట్టీ ఉండగానే మళ్ళీ లావెక్కుతారు.

మాటిమాటికి కక్కు వస్తే ఆ మనిషికి క్రమశిక్షణ లేదని ఇంట్లోవారు కసరడం తప్పు. పట్టీ మరీ బిగిసి ఉండవచ్చు. జీర్ణాశయం పట్టీ గుండా పైకి జారి ఉండవచ్చు. నీళ్ళు కూడా దిగకపోతే ఆలస్యం లేకుండా వైద్యుని వద్దకు పోవాలి. సూదితో ఉప్పునీరు తీసి పట్టీని వదులు చేయగలరు. ఉపేక్షిస్తే మరొక ప్రమాదం కలదు. థయమిన్ అనే బి-1 విటమిను మన శరీరంలో రెండు మూడు వారాలకు సరిపడా మాత్రమే నిలువ ఉంటుంది. వారాల తరబడి కక్కేవారికి అది అడుగంటి, కాళ్ళు తిమ్మిరెక్కడం, నడక తడబడడం, చూపు చెదరడం, మతి తప్పడం వరకు పోవచ్చు. ఇది మన ప్రాంతానికి క్రొత్త జబ్బేమీ కాదు. మరపట్టిన పచ్చిబియ్యం తినే ఉత్తర సర్కారు జిల్లాలలో బెరిబెరి అనే పేరుతో ఒకప్పుడు ప్రబలి ఉన్నదే. మాల్కమ్‌సన్ అనే వైద్యుడు దానిని గురించి వ్రాసిన గ్రంథం 1835లోనే మద్రాసులో అచ్చయింది. ఆనాడు మరలో తవుడుతో పాటు పోయిన విటమిను ఈనాడు పట్టీ బిగువు వలన అందకుండా పోవచ్చు. శస్త్రచికిత్స అయినవారు విటమిను మాత్రలు మానరాదనేది ఇందుకే.

ఉపాధ్యాయులు తరగతిలో దీనిని సులువుగా చూపవచ్చు. సన్నని కాడ గల గరాటు తీసుకొని, మొదట నీరు, తరువాత గంజి, తరువాత మెత్తగా పిసికిన అన్నం కొద్దికొద్దిగా, చివరకు తడిపిన రొట్టె ముద్ద వేసి చూపండి. ముద్ద అడ్డుపడినప్పుడు పైన నీరు పోస్తే ఏమవుతుందో పిల్లలనే చెప్పనివ్వండి.

మొన్న సంక్రాంతికి బావ మళ్ళీ వచ్చాడు. మా అమ్మకు సంగతంతా ముందే చెప్పి ఉంచాను. ఆమె కొర్రమీను పులుసు చేసి, చిన్న గిన్నె, చెంచా ఆమే తెచ్చి పెట్టింది. ఇరవై రెండు నిమిషాలు తిన్నాడు. "ఇంకొంచెం వేసుకో నాయనా" అని ఆమె రెండుసార్లు అననే అన్నది. గరిటె మాత్రం ఎత్తలేదు.