‘టైటానిక్’ దంపతుల కొట్లో మా అక్క కొన్న కోటు

‘టైటానిక్’ సినిమా చూడనివాళ్ళు మీలో ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి! ఒక్క చెయ్యీ లేవలేదు కదూ? నాకు తెలుసు. ఓడ ముందుకొమ్ము మీద నిలబడి చేతులు చాపే ఆ పోజు మీలో ఎంతమంది ప్రకాశం బ్యారేజీ మీద ప్రాక్టీసు చేశారో కూడా నాకు తెలుసు.

జాక్, రోజ్‌ల గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. నేనడిగేది వేరే జంట సంగతి. ఓడ మునిగిపోతుంటుంది. పైన డెక్కు మీద వాద్యగాళ్ళు వాయిస్తూనే ఉంటారు. ఆ సమయంలో ఒక గదిలో మంచం మీద ఓ ముసలాయనా, ఓ ముసలావిడా ఒకరినొకరు గట్టిగా పట్టుకుని పడుకుని ఉంటారు. మంచం కింద నీళ్ళు పరుగెడుతుంటాయి. గుర్తొచ్చారా? రెప్పపాటు షాటు. మళ్ళీ కనిపించరు.

1998లో విజయవాడలో ఆ సినిమాకి మా ఇంటిల్లిపాదీ వెళ్ళాం. ఆట వదిలాక అక్క రోజ్ కోసం, నేను జాక్ కోసం కళ్ళు తుడుచుకుంటున్నాం. నాన్న మాత్రం కళ్ళజోడు చొక్కా అంచుతో తుడుచుకుంటూ, “అసలు హీరో హీరోయిన్లు ఆ మంచం మీదివాళ్ళురా!” అన్నారు. మేమిద్దరం ఫక్కున నవ్వాం. అమ్మ నవ్వలేదు.

ఆ ముసలాయనకి న్యూయార్కు నడిబొడ్డున ఓ మహా పెద్ద కొట్టుండేదనీ, పందొమ్మిదేళ్ళ తర్వాత అదే కొట్లో మా అమ్మ కోసం కోటు వెతుకుతూ తిరుగుతాననీ ఆ రోజు ఎవరైనా చెబితే నమ్మేవాణ్ణా?

రైల్లో అక్క చెప్పిన స్కీము

2017 డిసెంబరు. మా అక్కా బావా ఉండేది న్యూజెర్సీలో, ఎడిసన్ ఊళ్ళో. అక్కడి ఓక్ ట్రీ రోడ్డు మీద నడుస్తుంటే అమెరికాలో ఉన్నామా, అమీర్‌పేటలో ఉన్నామా అని అనుమానం వస్తుంది. అక్క అక్కడే ఓ కొట్లో కౌంటరు దగ్గర పనిచేస్తుంది. రోజుకి ఎనిమిది గంటలు నిలబడే ఉద్యోగం.

నేను పన్నెండు రోజుల కోసం వెళ్ళాను. ఓ శనివారం పొద్దున్నే అక్క నన్ను మెట్రోపార్క్ స్టేషన్లో న్యూయార్కు రైలెక్కించింది. కూర్చున్నాక గుట్టు విప్పింది.

“అమ్మకి మేసీస్‌లో కోటు కొంటానురా. నువ్వు పట్టుకెళ్ళి ఇవ్వాలి. కోటు చేతిలో ఉంటే అదే బయల్దేరుతుంది.”

నేను కిటికీలోంచి బయటికి చూస్తూ ఊరుకున్నాను. అమ్మకి 2012లోనే పదేళ్ళ వీసా వచ్చింది. ఇద్దరూ కలిసే వద్దామనుకున్నారు. ఇవాళా రేపూ అంటుండగానే 2014లో నాన్నకి పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. మందులతో, వ్యాయామంతో ఇంట్లో పట్టుకుని నాలుగడుగులు వేస్తారు. అంతే. ఇరవై గంటల విమానం ఆయన వల్ల కాదు. “నాన్నని నేను చూసుకుంటాలే, నువ్వు ఒక్క నెల వెళ్ళిరా” అని నేనెన్నిసార్లు చెప్పానో! అమ్మది ఒకటే మాట: “ఆయన్నొదిలి నేనెక్కడికీ రాను.”

కోటుకి లొంగే మనిషి కాదని నాకు తెలుసు. అక్కకీ తెలుసనుకుంటాను. అయినా శనివారం సెలవు పెట్టి మరీ బయల్దేరింది.

పచ్చబొట్టు నక్షత్రం

పెన్ స్టేషన్లో దిగి బయటికొస్తే 34వ వీధి. నాలుగడుగులు వేస్తే మేసీస్! బ్రాడ్వే నుంచి ఏడో ఎవెన్యూ దాకా పరుచుకున్న భవనం. లోపలి విస్తీర్ణం 20 లక్షల చదరపు అడుగుల పైమాటే. ప్రపంచంలోకెల్లా పెద్ద కొట్టని ఎన్నో ఏళ్ళు బోర్డు కట్టుకున్నారు. 2009లో దక్షిణ కొరియాలోని బూసాన్ నగరంలో ఓ కొట్టు గిన్నిస్ రికార్డు ఎగరేసుకుపోయిందనుకోండి. అయినా గుమ్మంలో నిలబడి తలెత్తి చూసేవాడికి అదేం గుర్తుంటుంది?

ఈ కొట్టు కథే ఓ సినిమా! హీరో పేరు రోలండ్ హస్సీ మేసీ. 1822లో నాన్‌టకెట్ దీవిలో పుట్టాడు. పదిహేనేళ్ళకే తిమింగలాల వేట ఓడ ఎక్కేశాడు. అప్పుడు వేయించుకున్న ఎర్రనక్షత్రం పచ్చబొట్టే తర్వాత ఆ కొట్టు గుర్తయింది. ఒడ్డుకొచ్చి కొట్లు పెట్టాడు. ఒకటి కాదు, రెండు కాదు, వరసపెట్టి మూతపడ్డాయి. ఇంకొకడైతే మళ్ళీ ఓడెక్కేవాడే. ఇతను 1858 అక్టోబరు 28న న్యూయార్కులో ఇంకో కొట్టు తెరిచాడు. మొదటిరోజు అమ్మకం ఎంతో తెలుసా? అక్షరాలా 11 డాలర్ల 6 సెంట్లు!

రేటు ఒక్కటే, బేరం లేదు, అప్పు లేదు. ఇదీ మేసీ పద్ధతి. బీసెంట్ రోడ్డులో ‘ఫిక్సెడ్ రేట్’ అని రాసున్న బోర్డు కిందే నిలబడి సగానికి బేరమాడే అమ్మ పెంచిన పిల్లలం మేము. ఇక్కడ మా నోళ్ళు కట్టేసినట్టయింది.

ఇంకో వింత చెప్పాలి. ఇంత మహాభవనానికీ 34వ వీధీ, బ్రాడ్వే కలిసేచోట ఓ మూల తక్కువ. అక్కడ ఓ చిన్న భవనం బెల్లంకొట్టిన రాయిలా నిలబడి ఉంటుంది. మేసీస్ ఇక్కడికి తరలివస్తోందని తెలిసి ఆ మూలముక్కని వేరేవాళ్ళు ముందే కొనేశారు. మేసీస్ వాళ్ళు బతిమాలుతూ కూర్చోలేదు. మూల వదిలేసి చుట్టూ కట్టేసుకున్నారు. 1911లో ఆ చిన్న ముక్క పదిలక్షల డాలర్లకి అమ్ముడుపోయింది. చివరికి దాని నెత్తినే మేసీస్ వాళ్ళు అద్దె కట్టి తమ ప్రకటన పెట్టుకున్నారు.

తాతయ్య నిజమే అనుకున్న పాప

లోపలికి అడుగుపెట్టగానే సెంటు వాసనలు గుప్పుమన్నాయి. దీపాలు, దండలు, క్రిస్మస్ సందడి. పై అంతస్తుల ఎస్కలేటర్లకి మెట్లు చెక్కవి! కిర్రుకిర్రుమంటూ పైకి తీసుకెళ్తాయి. మా అక్క అయితే చీర కుచ్చెళ్ళు పట్టుకున్నట్టు కోటు అంచు పట్టుకుని నిలబడింది. పాత అలవాటు!

ఎనిమిదో అంతస్తులో సాంటాక్లాజ్ తాతయ్య కొలువు. పిల్లలు అమ్మానాన్నల వేళ్ళు పట్టుకుని కళ్ళింతలు చేసుకుని వెళ్తున్నారు. నాకు ‘మిరకిల్ ఆన్ 34త్ స్ట్రీట్’ గుర్తొచ్చింది. 1947 సినిమా. ఇదే కొట్లో తీశారు. సాంటా వేషం వేసినాయన ఎడ్మండ్ గ్వెన్. మేసీస్ వాళ్ళు 1924 నుంచి నవంబరులో ఊరేగింపు జరుపుతున్నారు. 1946 ఊరేగింపులో నిజంగానే గ్వెన్‌ని సాంటాగా బండి మీద కూర్చోబెట్టి కెమెరాలు తిప్పారు. సెట్టింగ్ ఖర్చు లేదు, జనం ఖర్చు లేదు! ఆ వేషానికి గ్వెన్‌కి ఆస్కార్ కూడా వచ్చింది.

అందులో చిన్నపాపగా వేసింది నటాలీ వుడ్. తర్వాత ‘వెస్ట్ సైడ్ స్టోరీ’లో హీరోయిన్ అయిందే, ఆ అమ్మాయే! షూటింగు జరిగినన్నాళ్ళూ గ్వెన్ నిజమైన సాంటాయే అనుకుందట. సినిమా పూర్తయ్యాక పార్టీలో గడ్డం లేకుండా చూసి తెల్లబోయిందట పాపం!

ఆ కథలో నాకు నచ్చిన ఘట్టం ఒకటుంది. బొమ్మ కోసం వచ్చిన తల్లికి సాంటా, మా దగ్గర లేదు, ఫలానా కొట్లో దొరుకుతుంది, వెళ్ళమ్మా అని చెప్పేస్తాడు. మేసీస్ జీతగాడు పోటీ కొట్టుకి బేరం పంపడమా! మేనేజర్లు గుండెలు బాదుకుంటారు. తీరా చూస్తే ఆ నిజాయితీకే జనం విరగబడతారు. సినిమాలో చెప్పిన పోటీ కొట్లలో ఒకటైన గింబెల్స్ ఓ వీధి అవతల నిజంగానే ఉండేది. తర్వాత మూతపడింది. 1994లో ఈ సినిమాని మళ్ళీ తీసినప్పుడు మేసీస్ వాళ్ళు పేరు వాడుకోవడానికి ఒప్పుకోలేదు. ఆ సినిమాలో కొట్టుకి వేరే పేరు పెట్టుకోవాల్సొచ్చింది.

ఇంతకీ కోటు...

గంటన్నర తిరిగాం. నల్లవి అక్క వద్దంది. మరీ ఎర్రవి అమ్మ వేసుకోదు. ఆఖరికి వంకాయరంగు ఉన్నికోటు దొరికింది. మోకాళ్ళ దాకా వస్తుంది, లోపల మెత్తటి అస్తరు. అక్క దాన్ని తనే తొడుక్కుని అద్దంలో చూసుకుంది. అమ్మదీ అక్కదీ ఒకటే ఎత్తు.

అసలు ధర 180 డాలర్లు. సేల్లో 99 డాలర్ల 99 సెంట్లు. న్యూయార్కు నగరంలో 110 డాలర్ల లోపు బట్టలకి అమ్మకం పన్ను లేదు. పైగా పరదేశి పాస్‌పోర్టు చూపిస్తే ఇంకో పదిశాతం తగ్గింపు. నా పాస్‌పోర్టుకి మొదటిసారి విలువొచ్చింది! 90 డాలర్లు. అప్పటి లెక్కన దగ్గర దగ్గర 5,800 రూపాయలు. అక్క పర్సులోంచి నోట్లు తీసి ఒక్కొక్కటీ లెక్కపెట్టింది. ఆ నోట్ల వెనక ఎన్ని గంటలు నిలబడిందో నేను లెక్కపెట్టుకున్నాను.

“అక్కా, అమ్మ రాదే” అన్నాను ఉండబట్టలేక.

“నీకెందుకురా? కొననీ” అంది.

తలుపు దగ్గర

సంచీ పట్టుకుని 34వ వీధి వైపు తలుపు దగ్గరికొచ్చాం. అక్కడ గోడకి ఓ ఫలకం ఉంది. ఇద్దరి ముఖాలు. ఇసిడోర్ స్ట్రాస్, ఐడా స్ట్రాస్. ఈ కొట్టు ఉద్యోగులు పెట్టించినది.

1874లో మేసీస్ నేలమాళిగలో పింగాణీ, గాజు సామాన్లు అమ్ముకోవడం మొదలెట్టిన కుటుంబం స్ట్రాస్‌లది. జర్మనీ నుంచి వచ్చినవాళ్ళు. మేసీ పోయాక మెల్లగా భాగస్వాములయ్యారు. 1896కల్లా కొట్టంతా అన్నదమ్ములు ఇసిడోర్, నేథన్‌లదే అయింది. 1902లో ఈ 34వ వీధికి తెచ్చింది వాళ్ళే. 1912 ఏప్రిల్లో ఇసిడోర్, భార్య ఐడా యూరప్ నుంచి తిరిగొస్తూ ఎక్కిన ఓడ పేరు మీకు చెప్పనక్కర్లేదు.

ఆయనకి 67 ఏళ్ళు. ఆవిడకి 63. పడవలు దించుతున్నప్పుడు, పెద్దాయన కదా, మీరూ ఎక్కండన్నారట. ఆడవాళ్ళూ పిల్లలూ ఇంకా ఉండగా నేనెక్కనన్నాడు. ఆవిడ ఆయన్ని వదిలి వెళ్ళనంది. తన ఉన్నితోలు కోటు విప్పి పనిమనిషి ఎలెన్ బర్డ్‌కిచ్చి, పడవెక్కించి పంపేసింది. ఎలెన్ బతికి బయటపడింది. తర్వాత ఆ కోటు తిరిగివ్వబోతే స్ట్రాస్ కూతురు తీసుకోలేదు. అమ్మ నీకే ఇచ్చింది, నీ దగ్గరే ఉంచుకోమంది. ఇసిడోర్ శవం దొరికింది. ఐడా దొరకనేలేదు.

సినిమాలో మంచం మీద చూపించారు గానీ, చూసినవాళ్ళు చెప్పింది ఇద్దరూ డెక్కు మీదే ఉన్నారని.

నేనిదంతా చదివి ఉన్నాను గనక గడగడా చెప్పేశాను. సగంలో చూస్తే అక్క మాట్లాడటం లేదు. ఫలకం మీద ఆవిడ ముఖం కేసి చూస్తోంది.

“నాన్న ఆ రోజు అన్నది వీళ్ళ గురించేనా?” అంది.

“వీళ్ళ గురించే.”

తలుపు తెరుచుకున్నప్పుడల్లా చల్లగాలి లోపలికి కొడుతోంది. జనం మమ్మల్ని రాసుకుంటూ పోతున్నారు. అక్క సంచీ నా చేతిలోంచి తీసుకుని ఓసారి గుండెకానించుకుని మళ్ళీ నాకే ఇచ్చింది.

“అమ్మ రాదులే. అయినా పట్టుకెళ్ళి ఇవ్వు. ఈసారి రమ్మని మాత్రం అడక్కు” అంది.

ముగింపు, విజయవాడలో

కోటు చూసి అమ్మ బుగ్గలు నొక్కుకుంది. “ఇంత బరువేమిట్రా! గంగిరెద్దు మీద బొంతలా ఉంటుంది నా మీద” అంది. అయినా తొడుక్కుని నాన్న మంచం ముందు అటూ ఇటూ నాలుగడుగులు నడిచింది. నాన్న ఇటీవల అంతగా నవ్వింది నేను చూళ్ళేదు.

సంక్రాంతి ముందు ఓ రోజు తెల్లవారుజామున లేచాను. నాన్న ఎడమకాలు చలికి కొయ్యలా బిగుసుకుపోతుంది. దుప్పట్లు నిలవవు, జారిపోతాయి. ఆ రోజు ఆయన రెండు కాళ్ళ మీదా వంకాయరంగు కోటు కప్పి ఉంది. చేతులు రెండూ పరుపు కిందికి దోపి ఉన్నాయి. పక్కన కుర్చీలో అమ్మ కునికిపాట్లు పడుతోంది.

ఫోటో తీసి అక్కకి పంపాను. అప్పుడు అక్కడ సాయంత్రం. కౌంటరు దగ్గరుందేమో, చాలాసేపటికి ఫోను చేసింది. ముందు నవ్వింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

“వెచ్చగా ఉందిటనా?” అని అడిగింది.

“హాయిగా నిద్రపోతున్నారు.”

“సరే అయితే” అంది.

అమ్మ వీసా 2022లో గడువు తీరిపోయింది. దాని మీద ఒక్క ముద్రా పడలేదు. కోటు మాత్రం ఏటా ధనుర్మాసంలో బీరువాలోంచి బయటికొస్తూనే ఉంది. ఈసారి ‘టైటానిక్’ చూసినప్పుడు, జాక్ మునిగిపోయేలోపు, ఆ మంచం షాటు దగ్గర ఒక్క క్షణం కళ్ళు తుడుచుకోకుండా చూడండి. మా నాన్న మీకోసం కూడా చెప్పిన మాటే అది!