పాట ఒడిసినంక మొదలయ్యే డ్యూటీ

కన్సర్ట్ అయిపోగానే మనం చేసే పనులు రెండే. తీసిన వీడియోల్లో ఏది స్టేటస్ పెట్టాలో వెతుక్కోవడం, పార్కింగ్‌లోంచి బండి ఎట్లా బయటపడుతుందా అని తిట్టుకోవడం. పోయినేడాది గచ్చిబౌలిలో ఒక షో అయ్యాక నేనూ అదే పనిలో ఉన్నాను. లైట్లన్నీ వేసేశారు. నల్ల టీషర్టులు వేసుకున్న ముప్పై మంది దాకా ఒక్కసారిగా స్టేజీ మీదికి ఎక్కారు. ఐదు నిమిషాల కింద సింగర్ నిలబడ్డ చోటే ఒకతను మోకాళ్ల మీద కూర్చుని కేబుల్ చుడుతున్నాడు. ఎక్కడో చూసినట్టుందే అని ఫోన్ కెమెరా జూమ్ చేశా. మా అన్న!

ఫోన్ చేస్తే ఎత్తాడు. "డ్యూటీల ఉన్న తమ్మీ, పొద్దుగాల చేస్త" అని పెట్టేశాడు.

మా చిన్నాయన కొడుకు. నాకంటే రెండేళ్లు పెద్ద. మహబూబ్‌నగర్‌లో ఇద్దరం ఒకే స్కూల్. నేను ఇంజినీరింగ్ చేసి కోడ్ రాసుకుంటున్నా. తను ఐటీఐ మధ్యలో వదిలేసి, టెంట్ హౌస్‌లో చేరి, అక్కడి నుంచి సౌండ్, లైటింగ్ కంపెనీలకు వెళ్లాడు. "ఈవెంట్స్ ల చేస్తడు" అని ఇంట్లో అనడమే గానీ, ఆ ఈవెంట్స్ అంటే ఏంటో నేనెప్పుడూ అడగలేదు. ఇంగ్లిష్ సినిమాల్లో ఇలాంటి వాళ్లను రోడీలు అంటారు. మనదగ్గర ఆ పేరుతో టీవీ షో ఒకటుంది కాబట్టి, నేను రోడీ అంటే అన్న నవ్వుతాడు. వాళ్లలో వాళ్లు చెప్పుకునేది "స్టేజీ పోరగాళ్లు" అని.

పాలమూరు వాళ్లకు ఇలాంటి బతుకు కొత్త కాదు. 'పాలమూరు లేబర్' అనే మాట దేశంలో డ్యాములు కట్టిన కాంట్రాక్టర్లకు బాగా తెలుసు. మా తాత కూడా మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని సాగర్ పనికి పోయినోడే. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ రాతికట్టు డ్యామ్. ఆ రాయి మోసిన చేతుల్లో మా ఇంటివి కూడా ఉన్నాయి. డ్యామ్ కట్టాక ఆ నీళ్లు మా ఊరికి రాలేదన్నది వేరే కథ. ఇప్పుడు మేస్త్రీ ప్లేస్‌లో వాట్సాప్ గ్రూప్ వచ్చింది. "రేపు 6 లోడ్‌ఇన్, 8 మంది కావాలె" అని మెసేజ్ పడుతుంది. ముందు బొటనవేలు పెట్టినోడికి పని.

మొన్న ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్‌లోనే ఒక జానపద గాయకుల నైట్ పడింది. "నేనూ వస్తా, చూస్తా" అన్నా. "చూస్తే కాదు, మోస్తే తెలుస్తది" అన్నాడు.

పొద్దున ఆరింటికి హైదరాబాద్ నుంచి షాద్‌నగర్, జడ్చర్ల మీదుగా రెండు లారీలు దిగాయి. చక్రాలున్న పెద్ద పెట్టెలు, అల్యూమినియం ట్రస్సులు, కేబుల్ కట్టలు. స్టేజీ అంటే బల్లలు పరిచి మైక్ పెట్టడమే అనుకునేవాణ్ని. ముందు నేల చూస్తారు. మట్టి మెత్తగా ఉన్న చోట కాళ్ల కింద చెక్క దిమ్మెలు వేసి లెవెల్ సరిచూస్తారు. ట్రస్సును కిందే బిగించి, లైట్లను నడుమెత్తులోనే తగిలించి, చైన్ మోటార్లతో నాలుగు మూలలనూ సమంగా పైకి లేపుతారు. ఒక మూల రెండంగుళాలు ముందుకెళ్లినా అన్న చెయ్యెత్తి ఆపేస్తాడు. పన్నెండింటికల్లా ఆ ఇనుము పట్టుకుంటే చెయ్యి కాలుతోంది. గ్లోవ్స్ ఎనిమిది మందికి మూడు జతలే.

వెనకాల ఎల్ఈడీ వాల్. ఒక్కో ప్యానెల్ అరమీటరు పొడవు, అరమీటరు వెడల్పు, ఎనిమిది కిలోల దాకా బరువు. అడ్డం 14, నిలువు 7 వరుసలు, మొత్తం 98. అంటే మనం కళ్లు తిప్పుకోకుండా చూసే ఆ బొమ్మ పైన వేలాడే ముప్పావు టన్ను బరువు. అన్నీ మనుషులు ఒక్కొక్కటిగా ఎత్తిపెట్టినవే. ముప్పయ్యో ప్యానెల్‌కి నా నడుము పట్టేసింది. పక్కన ఇంటర్ ఫెయిలైన పిల్లోడొకడు ఈల వేసుకుంటూ రెండేసి మోస్తున్నాడు.

నాకు నిజంగా మజా వచ్చింది సౌండ్ దగ్గర. ధ్వని సెకనుకు 343 మీటర్లే పోతుంది. స్టేజీ నుంచి 70 మీటర్ల వెనకున్నవాళ్లకు పాట సెకనులో ఐదో వంతు లేటుగా చేరుతుంది. అందుకే గ్రౌండ్ మధ్యలో పెట్టే స్పీకర్లను కావాలనే అంత లేటు చేస్తారు, లేకపోతే ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది. మా ఆఫీసులో ఒక పేజీ 200 మిల్లీసెకన్లు లేటైతే మీటింగ్ పెడతారు. ఇక్కడ డిగ్రీ లేని ఒక పెద్దాయన గ్రౌండ్ పొడుగునా నడిచి, చప్పట్లు కొట్టి చెవితో లెక్కకట్టి ఫోన్‌లో సరిచేశాడు. యాప్‌లో కొలిచి చూశా. కరెక్టే.

నాలుగున్నరకు కోయిల్‌కొండ దిక్కున మబ్బు నల్లబడింది.

స్టేజీ కప్పు గాలికి లేవకుండా పట్టి ఉంచేవి నాలుగు మూలల్లో పెట్టే నీళ్ల ట్యాంకులు. వెయ్యి లీటర్ల ట్యాంకు నింపితే టన్ను బరువు, నింపకపోతే ఉట్టి ప్లాస్టిక్ డబ్బా. పొద్దున వస్తానన్న నీళ్ల ట్యాంకర్ అప్పటికీ రాలేదు. పైన టార్పాలిన్, వెనక ఎల్ఈడీ వాల్, రెండూ గాలికి తెరచాపల్లాంటివే. గాలి వేగం రెండింతలైతే దాని తోపుడు నాలుగింతలవుతుంది. ఈ ఫార్ములా నేను బీటెక్ ఫస్టియర్‌లో రాసి మార్కులు తెచ్చుకున్నా. అన్నకు ఫార్ములా తెలియదు, మబ్బు వైపు ఒకసారి, ట్యాంకుల వైపు ఒకసారి చూశాడంతే. "దించుదాం" అన్నాడు.

నిర్వాహకుడు పరుగున వచ్చాడు. "గెస్టులు ఏడింటికి వస్తున్నరు. ఇప్పుడు దించుతవా? రెండు చినుకులకే భయపడితే ఎట్ల?" అన్న బతిమిలాడుతున్నట్టే చెప్పాడు, "గాలి సార్, వాన కాదు." ఆయన అక్కడికక్కడే కంపెనీ ఓనర్‌కు ఫోన్ కలిపి అన్న చేతికిచ్చాడు. అవతలి నుంచి నాకు కూడా వినపడింది: "క్లయింట్ చెప్పినట్టు చెయ్."

"సరే సార్" అన్నాడు అన్న. ఫోన్ తిరిగిచ్చేసి నేరుగా మోటార్ల రిమోట్ దగ్గరికి వెళ్లి, కిందికి బటన్ నొక్కాడు. తన ఫోన్ స్విచాఫ్ చేసి జేబులో పెట్టుకున్నాడు.

ముందు టార్పాలిన్ తాళ్లు విప్పించాడు. ఎల్ఈడీ వాల్ దిగుతుంటే కింది వరుసను ఒక్కో ప్యానెల్‌గా ఊడదీసి మేం అందుకున్నాం. ఇంకో రెండు వరుసలు మిగిలాయనగా దుమారం కొట్టింది. కళ్లల్లో మన్ను. పక్కన మిర్చిబజ్జీల షామియానా కర్రలతో సహా లేచి గోడ అవతల పడింది. మా ట్రస్సు నడుమెత్తులో ఉంది కాబట్టి ఊగింది, అంతే. అన్న మాత్రం "పైలం, పైలం" అని అరుస్తూనే ఉన్నాడు. పైలం అంటే మాదగ్గర జాగ్రత్త అని. ఆ పూట ఆ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

ఇది మరీ చిన్న ఊరి సంగతి కదా అనుకుంటారేమో. 2011 ఆగస్టు 13న అమెరికాలో ఇండియానా స్టేట్ ఫెయిర్‌లో గాలివానకు స్టేజీ కప్పు జనం మీద కూలి ఏడుగురు చనిపోయారు. షో ఆపాలా వద్దా అనే అధికారం ఎవరిదో స్పష్టంగా లేదని ఆ తర్వాత వచ్చిన నివేదికలో తేలింది. 2012 జూన్ 16న కెనడాలోని టొరంటోలో రేడియోహెడ్ బ్యాండ్ షో మొదలుకావడానికి కొన్ని గంటల ముందు స్టేజీ కూలింది. డ్రమ్స్ చూసుకునే స్కాట్ జాన్సన్ అనే టెక్నీషియన్ చనిపోయాడు. కేసు నడిచీ నడిచీ, ఆలస్యమైందన్న కారణంతోనే 2017లో ఆగిపోయింది. అంత పెద్ద బ్యాండ్ మనిషికే అట్లయితే, మావాళ్ల పేర్లు కంపెనీ రిజిస్టర్‌లో కూడా ఉండవు.

ఇంకో రకం స్టేజీ కూడా మన తెలుగువాళ్లదే ఉంది. 1885లో కడప జిల్లాలో మొదలైన సురభి నాటకాలు. మాయాబజార్‌లో తెర వెనక తాడు లాగేవాళ్లు ఆ కుటుంబాల వాళ్లే. ఒక సీన్‌లో తాడు లాగినోడు ఇంకో సీన్‌లో వేషం కడతాడు. తాడు లాగేది తమ్ముడో కొడుకో అయితే, కిందికి దించు అంటే ఎవరు కాదంటారు? ఈ మాట అన్నతో అంటే, "మాది కిరాయి కుటుంబం తమ్మీ" అన్నాడు.

అరగంటకు గాలి ఆగింది. ట్యాంకర్ వచ్చింది. మళ్లీ అన్నీ ఎక్కించేసరికి ఎనిమిదిన్నర. గెస్టుల ప్రసంగాలు తొమ్మిదింపావు దాకా. రాత్రి పదికి లౌడ్‌స్పీకర్లు బంద్ చెయ్యాలనేది దేశమంతటా ఉన్న రూల్. ప్రత్యేక పర్మిషన్ లేదు. నలభై ఐదు నిమిషాల పాటలు. జనం స్టేజీ వైపు చూసి తిట్టారు. ప్రసంగాలను ఎవరూ తిట్టలేదు. షో లేటైందని పేమెంట్‌లో కోత పడుతుందని అన్నకు అప్పుడే తెలుసు, రెండు రోజులకు పడింది కూడా. కూలిపోని స్టేజీకి సాక్ష్యం ఏం చూపిస్తాడు? మా సర్వర్లదీ ఇదే బాధ. కానీ మా దగ్గర ఏదైనా తేడా కొడితే నిన్నటి కోడ్‌కు వెనక్కి వెళ్లే బటన్ ఉంటుంది. ఆ బటన్ నొక్కినందుకు ఎవరూ జీతం కొయ్యరు.

ఆ తర్వాత లోడౌట్. అన్న లెక్కలో అన్నింటికంటే ప్రమాదం ఇదే. పొద్దున ఆరింటి నుంచి నిలబడ్డ మనుషులు, రాత్రి రెండింటికి అదే బరువును మళ్లీ లారీ ఎక్కించాలి. లారీ కిరాయి గంటల లెక్కన పెరుగుతుంటుంది కాబట్టి డ్రైవర్ హారన్ కొడుతూనే ఉంటాడు. రెండేళ్ల కింద వేరే ఊళ్లో ఇట్లాగే తెల్లవారుజామున, మంచుకు తడిసిన ర్యాంపు మీద ఆంప్లిఫయర్ పెట్టె జారి అన్న కాలి మీద పడింది. రెండు వేళ్లు నలిగాయి. ఆ కంపెనీ మొదటి కట్టు ఖర్చు ఇచ్చింది, తర్వాత ఫోన్ ఎత్తలేదు. మిగతాది గ్రూప్‌లోని పోరగాళ్లు తలా రెండొందలు, ఐదొందలు పంపి కట్టారు. అప్పుడు నేను బెంగళూరులో ఆఫీస్ టూర్‌లో ఉన్నా. బైక్ మీది నుంచి పడ్డాడని ఇంట్లో చెప్పుకున్నారు, నేను నమ్మేశా. ఆ రాత్రి బూటు విప్పి చూపించాడు.

డబ్బులు? వాళ్ల గ్రూప్‌లో హెల్పర్‌కు ఒక షోకు వెయ్యి, అన్నలాంటి రిగ్గర్‌కు రెండు వేలు. ఒక షో అంటే లోడ్‌ఇన్ నుంచి లోడౌట్ దాకా. ఆ రోజు అది 22 గంటలు. ఆషాఢం, మూఢం వస్తే పెళ్లిళ్లు లేక సగం పని పోతుంది. వినాయక చవితికి మళ్లీ లేస్తుంది. దీపావళి తర్వాత కురుమూర్తి జాతర, వెనకాలే పెళ్లిళ్లు. మాఘంలో మన్యంకొండ జాతర. దేవుళ్ల క్యాలెండర్ మీదే వాళ్ల ఈఎంఐలు.

"మరి వదిలెయ్యొచ్చు కదన్నా" అన్నా, నాలుగింటికి లారీ తలుపులు వేశాక. కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. "లైట్లన్నీ ఆర్పి, మొదటి పాటకు ఒక్కసారే వేస్తరు చూడు. జనం అరుస్తరు. అప్పుడు నేను స్టేజీ కిందనే ఉంట. ఆ అరుపు కాళ్లల్లకెల్లి వస్తది" అన్నాడు. నేను రాసిన ఏ ఫీచర్‌కూ ఎవరూ అరవలేదు.

బస్టాండ్ దగ్గర చాయ్ తాగుతూ ఫోన్ ఆన్ చేశాడు. ఓనర్‌వి పదకొండు మిస్డ్ కాల్స్. చిన్నమ్మవి మూడు. ముందు చిన్నమ్మకు చేసి "తిన్ననే అమ్మా" అన్నాడు. తినలేదు. ఈలోపే ఆ పిల్లోడు రాత్రి షో రీల్ ఒకటి చూపించాడు. పన్నెండు వేల వ్యూస్. సింగర్ వెనక, ఎల్ఈడీ వాల్ అంచున, ఒక నల్ల టీషర్టు భుజం సగం కనిపిస్తోంది. "అది నేనే అన్నా" అంటున్నాడు వాడు.

గ్రూప్‌లో అప్పుడే ఇంకో మెసేజ్ పడింది. ఎల్లుండి కర్నూలు, 6 లోడ్‌ఇన్, ఆరుగురు కావాలె. అన్న బొటనవేలు పెట్టి, కింద ఇంకో లైన్ టైప్ చేశాడు: "ట్యాంకర్ ముందు రావాలె. నీళ్లు నిండినంకనే లేపుత."

రెండు నీలం టిక్కులు పడ్డాయి. నేను బస్సెక్కేదాకా జవాబు రాలేదు.