వాడేవాళ్లదే కరెంటు

రైల్వే గేటు దాటి కౌల్ బజార్ సందుల్లోకి వస్తే కంటికంటే ముందు చెవికి పని పడుతుంది. ఇంటి ముందు గదిలో కొన్ని, మేడ మీద కొన్ని, పక్కనున్న రేకుల షెడ్డులో ఇంకొన్ని జీన్సు ప్యాంట్లు కుట్టే మిషన్లు ఒకే జోరున నడుస్తుంటాయి. తెల్లవాళ్ల కాలంలో బళ్లారి కంటోన్మెంటును నమ్ముకుని పెరిగిన పేట ఇది. పటాలానికి యూనిఫారాలు కుట్టిన దర్జీల చేతిపనే ముదిరి బళ్లారి జీన్సు అయిందని ఊళ్లో పెద్దలు చెబుతారు. తెలుగు, కన్నడం, ఉర్దూ ఒకే అరుగు మీద కలిసి వినిపించే చోటు. కరెంటు పోయిందంటే ఆ మూడు భాషల్లోనూ ఒకటే ప్రశ్న, ఎప్పుడొస్తుందని. పీసు లెక్కన కూలి తీసుకునేవాళ్లకు మిషన్ ఆగిన ప్రతి నిమిషమూ నష్టమే.

చిత్రమేమిటంటే బళ్లారికి కరెంటు పుట్టేచోట్లు దూరమేమీ కాదు. కుడితిని దగ్గరి థర్మల్ కేంద్రంలో 500 మెగావాట్ల యూనిట్లు రెండు, 700 మెగావాట్లది ఒకటి, మొత్తం 1,700 మెగావాట్లు. అటు హొసపేట వైపు తుంగభద్ర డ్యామ్ దగ్గర, హంపి దగ్గర ఉన్న జలవిద్యుత్ కేంద్రాలవి కలిపి 72 మెగావాట్లు. అందులో 80 పాళ్లు ఆంధ్రకు, 20 పాళ్లు కర్ణాటకకు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజే బళ్లారి మైసూరుకు వెళ్లింది, ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలో మిగిలాయి. ఊళ్లు విడిపోయినా ఏటి నీళ్లూ ఆ నీళ్లతో పుట్టే కరెంటూ మాత్రం ఇవాళ్టికీ ఉమ్మడి లెక్కలోనే నడుస్తున్నాయి. కౌల్ బజార్ మీటర్లకు కరెంటు ఇచ్చేది 2002లో ఏర్పడిన గుల్బర్గా విద్యుత్ సరఫరా సంస్థ, అందరి నోటా ‘జెస్కాం’. అది ప్రభుత్వ కంపెనీ. మనం వినియోగదారులం, అంతే.

అంతకంటే ఇంకేమవుతాం అని అడిగేవాళ్లు తెలంగాణలోని సిరిసిల్ల వెళ్లి చూడాలి. అక్కడ కరెంటు ఆఫీసు అనరు, ‘సెస్’ అంటారు. సహకార విద్యుత్ సరఫరా సంఘం అన్న మాటకు ఇంగ్లీషు పొట్టి పేరు అది. సెస్ బిల్లు, సెస్ స్తంభం, సెస్ ఎన్నిక అన్నీ రోజువారీ మాటలే. 1970 నుంచి ఆ ప్రాంతంలో స్తంభాలు, తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు అన్నీ సంఘానివి. సంఘమంటే వాటా కట్టి సభ్యులైన వినియోగదారులు. బిల్లు కట్టే మనిషీ, బిల్లు వేసే సంస్థకు యజమానీ ఒకరేనన్నమాట.

ఈ ఆలోచన వేరు వెతికితే అమెరికా పల్లెల్లో తేలుతుంది. 1930ల నడిమధ్యన అక్కడ పది రైతు ఇళ్లలో తొమ్మిదింటికి కరెంటు లేదు. మైళ్ల కొద్దీ తీగ లాగి నాలుగు ఇళ్లకు కరెంటిస్తే గిట్టుబాటు కాదని ప్రైవేటు కంపెనీలు మొహం చాటేశాయి. 1935లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం గ్రామీణ విద్యుదీకరణకు ఒక విభాగం పెట్టి అప్పులిచ్చింది. రైతులు తలా ఐదు డాలర్ల సభ్యత్వ రుసుం వేసుకుని సంఘాలు కట్టుకున్నారు, కరెంటు తెచ్చుకున్నారు. ఇప్పుడక్కడ అలాంటి సంఘాలు 800 పైచిలుకు. వాటిలో అతి పెద్దది టెక్సాస్‌లోని పెడర్నేల్స్ సంఘం. 1938లో మొదలైంది, తర్వాత దేశాధ్యక్షుడైన లిండన్ జాన్సన్ అప్పట్లో దాని కోసం గట్టిగా పనిచేశాడు. ఆస్టిన్ పక్కనున్న లియాండర్, సెడార్ పార్క్ ఊళ్లకు కరెంటు ఇచ్చేది ఆ సంఘమే. ఆ ఊళ్లలో మనవాళ్లు బోలెడుమంది. బళ్లారిలోనో కర్నూలులోనో కరెంటుకు వినియోగదారుడిగా పెరిగిన పిల్లాడు అక్కడ ఇల్లు కొనుక్కుని మీటరు పెట్టించుకోగానే ఓటున్న సభ్యుడవుతున్నాడు.

మన దేశంలో 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడింది. దాని మూలధనంలో పీఎల్-480 కింద అమెరికా నుంచి వచ్చిన గోధుమలకు మనం రూపాయల్లో చెల్లించిన డబ్బు కూడా ఉంది. రేషన్ షాపులో ఆ గోధుమల కోసం వరస కట్టిన తరం ఇంకా మన మధ్యే ఉంది. అమెరికా సహకార సంఘాల జాతీయ సమాఖ్య సలహాతో ప్రయోగంగా ఐదు చోట్ల విద్యుత్ సహకార సంఘాలు పెట్టారు. మన సిరిసిల్ల, కర్ణాటకలో బెళగావి జిల్లా హుక్కేరి, మహారాష్ట్రలో శ్రీరాంపూర్ ప్రాంతపు ముళా ప్రవర, గుజరాత్‌లో కోడినార్, ఉత్తరప్రదేశ్‌లో లక్నో. తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే కుప్పం, చీపురుపల్లి, అనకాపల్లి వంటి చోట్ల మరికొన్ని వచ్చాయి. బళ్లారి వాళ్లకు ఇందులో రెండు విధాల చుట్టరికం ఉంది. సిరిసిల్ల భాషలో మనది, హుక్కేరి రాష్ట్రంలో మనది. అసలు దేశంలో తొలి వ్యవసాయ సహకార సంఘం పుట్టింది కూడా మన పొరుగునే, గదగ్ దగ్గరి కణగినహాళ్‌లో, 1905లో.

సెస్ కరెంటు పుట్టించదు. వరంగల్ కేంద్రంగా ఉన్న ఉత్తర డిస్కం, అంటే విద్యుత్ పంపిణీ సంస్థ నుంచి టోకున కొని, తన తీగల మీద ఇంటింటికీ చేరుస్తుంది. ధర నిర్ణయించేది విద్యుత్ నియంత్రణ మండలి కనుక సిరిసిల్ల యూనిట్ ధరకూ కరీంనగర్ యూనిట్ ధరకూ తేడా ఉండదు. తేడా అంతా పెత్తనంలోనే. సంఘానికి 15 మంది డైరెక్టర్లు. సిరిసిల్ల, వేములవాడ పట్టణాలతోపాటు ఎల్లారెడ్డిపేట, గంభీరావుపేట, ముస్తాబాద్, తంగళ్లపల్లి, కోనరావుపేట, చందుర్తి, ఇల్లంతకుంట, బోయినపల్లి లాంటి మండలాల నుంచి గెలిచి వస్తారు. 2022 డిసెంబరు 24న జరిగిన ఎన్నికలో ఓటర్ల జాబితా దాదాపు 87 వేల మందిది. చలి పొద్దున పోలింగ్ కేంద్రాల ముందు బారులు, బ్యాలెట్ పేపర్లు, గుర్తులు, ఏజెంట్లు. కరెంటు సంస్థను నడిపేది ఎవరో తేల్చడానికి రైతులూ, మరమగ్గాల కార్మికులూ వరసలో నిలబడడం మన దేశంలో ఎక్కడంటే అక్కడ కనిపించే దృశ్యం కాదు.

ఆ ఎన్నికలో రాజకీయ పార్టీల జెండాలు బాహాటంగా ఎగిరాయి. అది నాకు మింగుడుపడలేదు. సంఘం ఎన్నిక శాసనసభ పోరుకు రిహార్సలుగా మారిన రోజున ట్రాన్స్‌ఫార్మర్ మాట వెనక్కి పోతుంది. పెత్తనం సభ్యుల చేతిలో ఉన్నంత మాత్రాన సంఘం బతుకుతుందన్న హామీ కూడా లేదు. తోడబుట్టిన ముళా ప్రవర సంఘం డిస్కంకు పడిన బకాయిలు పేరుకుపోయి 2011లో తన సరఫరా హక్కు పోగొట్టుకుంది. సిరిసిల్లకూ చిక్కులు లేకపోలేదు. వేల మరమగ్గాలున్న ఊరు, మగ్గాలకు రాయితీ ధర, వ్యవసాయానికి ఉచిత కరెంటు. రాయితీ డబ్బు ప్రభుత్వం నుంచి వేళకు రాకపోతే బరువంతా సంఘం నెత్తిన పడుతుంది. ఇన్ని ఉన్నా యాభై ఏళ్లు దాటి నిలబడిందంటే దాన్ని తక్కువ చేసి మాట్లాడలేం.

అమెరికా సంఘాల్లో నన్ను బాగా ఆకట్టుకున్నది తీగలు కాదు, పత్రికలు. టెక్సాస్ సంఘాల ఉమ్మడి పత్రిక ఒకటి 1944 నుంచి సభ్యుల ఇళ్లకు వెళుతోంది. ఊరి కబుర్లు, వంటలు, పాత ఫొటోలు, వాటి మధ్యన ఈ నెల కరెంటుతో పాటించాల్సిన జాగ్రత్తలు. ఎండాకాలానికి ఒక తీరు, తుపానుకు ఒక తీరు. హెచ్చరిక బోర్డు మీది పుర్రె గుర్తును చూసి ఎవరూ ఆగరు గానీ, మనవాళ్లు రాసిన మాటను కూర్చుని చదువుతారు. తీగ మనదని తెలిసినవాడు దాని కింద చెట్టు కొమ్మ పెరుగుతుంటే తానే చూసి చెబుతాడు. కౌల్ బజార్‌లో అలాంటి పత్రిక ఒకటి వస్తే అందులో ఏముండాలి? మన కాలాలు, మన పండగలు, మన ఇళ్లు ఉండాలి.

బళ్లారి ఎండ గురించి చెప్పనక్కర్లేదు. మార్చి రాగానే అటక మీది ఇనప కూలరు కిందికి దిగుతుంది. దాన్ని కాస్త దగ్గరగా చూడండి. కింద నీళ్ల తొట్టి, అందులో మునిగి తిరిగే చిన్న పంపు, పైన ఫ్యాను మోటారు, చుట్టూ రేకు. పంపు వైరు మీది తొడుగు ఒక్కచోట ఒరిసిపోతే చాలు, రేకంతా కరెంటే. మూడు కాళ్ల ప్లగ్గులో లావుగా ఉండే ఎర్త్ కాలు ఆ కరెంటును భూమిలోకి పంపడానికే ఉంది. దాన్ని విరగ్గొట్టి రెండు కాళ్ల సాకెట్టులో దూర్చితే ఆ కరెంటు భూమిలోకి పోవడానికి తడి నేల మీద నిలబడి నీళ్లు పోసే మనిషి దారవుతాడు. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు వెలగడానికి సుమారు 40 మిల్లీ ఆంపియర్లు కావాలి. మనిషి గుండె లయ తప్పడానికి అంత కూడా అక్కర్లేకపోవచ్చు. 16 ఆంపియర్లకు ఆగే మామూలు ఎమ్‌సీబీకి ఇంత చిన్న ప్రవాహం పట్టనే పట్టదు. అందుకే 30 మిల్లీ ఆంపియర్ల తేడాకే రెప్పపాటులో తెగే ఆర్‌సీసీబీ పెట్టించమంటారు. కూలరు కంటే తక్కువ ఖరీదుకే వస్తుంది. అది ఉన్నా సరే, నీళ్లు పోసేముందు స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి పోయాలి.

వానాకాలంలో దండెం కట్టే ఇనప తీగ గురించి భయపడాలి. సర్వీసు వైరు పాతబడి, గాలికి ఊగి దండేనికి తగిలితే తడి బట్టలు ఆరేసే ఇల్లాలికి ప్రాణం మీదికి వస్తుంది. ఇనప తీగ తీసేసి ప్లాస్టిక్ తాడు కట్టుకుంటే సరిపోతుంది. స్తంభానికి వేసిన స్టే వైరుకు మేకను కట్టడం, దాన్ని పట్టుకుని పిల్లలు ఊగడం కూడా మానాలి.

ఇరుకు సందుల్లో మేడ మీద మేడ వేస్తున్నప్పుడు తీగ ఎంత దూరంలో ఉండాలో చట్టమే చెప్పింది. ఇళ్లకిచ్చే లైను మిద్దెకు పైన కనీసం 2.5 మీటర్లు, పక్కనైతే 1.2 మీటర్లు. 11 కేవీ లైనైతే పైన 3.7 మీటర్లు. వీధికి అడ్డంగా పోయే మామూలు లైను నేల నుంచి 5.8 మీటర్లు, అంటే సుమారు 19 అడుగుల ఎత్తులో ఉండాలి. వినాయకుణ్ని ట్రాక్టరు మీద ఎక్కించి, ఆ పైన గొడుగు పెట్టి, పక్కన డీజే పెట్టెలు పేర్చే కుర్రాళ్లు బయలుదేరే ముందు టేపు పట్టి ఎత్తు కొలుచుకోవాల్సింది ఇందుకే. పీర్ల పండక్కి పీర్లు ఎత్తుకుని నడిచేవాళ్లకూ ఇదే లెక్క. లైను కిందికి రాగానే కర్రతో తీగ పైకెత్తి దారివ్వడం చాలా ఊళ్లలో మామూలైపోయింది. ఆ కర్ర తడిదైతే ఎత్తినవాడు మిగలడు.

లైన్‌మన్ స్తంభం ఎక్కేముందు ఏం చేస్తాడో ఒకసారి నిలబడి చూడాలి. ముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఎల్‌సీ తీసుకుంటాడు. లైన్ క్లియర్ అన్నమాట, ఆ ఫీడరు ఆపేశామని ఆపరేటరు ఇచ్చే హామీ. తర్వాత లైనును విడదీసే ఏబీ స్విచ్‌ను దగ్గర్లో చూసి దించుతాడు. పొడుగాటి డిశ్చార్జి రాడ్డు తీగకు తగిలించి, ఉన్న కరెంటును భూమిలోకి దింపుతాడు. తాను పనిచేసే చోటికి రెండువైపులా ఎర్త్ చేస్తాడు. అప్పుడు ఎక్కుతాడు. ఇంత జాగ్రత్త పడ్డా, ఏ ఇంట్లోనో ఇన్వర్టరో జనరేటరో తప్పుగా కలిపి ఉంటే కరెంటు వెనక్కి తన్ని అతని చేతికి చేరుతుంది. కుట్టు షెడ్డులకు జనరేటరు పెట్టుకున్నవాళ్లు చేంజోవర్ స్విచ్ తప్పకుండా పెట్టించాలి. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజు మనమే వేసుకుందామన్న తొందర అసలు వద్దు.

ఇంత చదివాక సిరిసిల్ల చూడాలనుకునేవాళ్లు బళ్లారి నుంచి గుంతకల్లు మీదుగా రైల్లో హైదరాబాద్ చేరి, జూబ్లీ బస్‌స్టేషన్‌లో సిద్దిపేట మీదుగా వెళ్లే బస్సు ఎక్కితే సరి. కరీంనగర్ నుంచైతే 40 కిలోమీటర్లు. పక్కనే వేములవాడ రాజన్న గుడి ఉంది, పండగలప్పుడు బస్సుల్లో రద్దీ ఎక్కువ. మగ్గాల వీధులు పగటిపూట చూడాలి.

ఇక మన పేట మాటకొస్తే, కౌల్ బజార్‌లో పండగకు మండపం వేసేవాళ్లు స్తంభం మీది తీగకు కొక్కెం తగిలించకుండా సెక్షన్ ఆఫీసుకు వెళ్లి తాత్కాలిక కనెక్షన్ అడిగి తీసుకోవాలి. విద్యుత్ సంస్థకు నాదొక విన్నపం. ఈ పేటకు ఇచ్చే జాగ్రత్తల కరపత్రం కన్నడంతోపాటు తెలుగులోనూ ఉర్దూలోనూ అచ్చువేయించండి. చదివేవాళ్లకు ఒక మాట. తెగిపడిన తీగ కనిపిస్తే అందులో కరెంటు ఉందనే అనుకోండి, దూరంగా నిలబడి ఇంకొకరిని దగ్గరికి పోనివ్వకండి, వెంటనే 1912కు ఫోన్ చేయండి.