కామెర్లకు పసరు, సూదులు: తగ్గేదేమిటి, మిగిలేదేమిటి?

పచ్చకామెర్లు జబ్బు పేరు కాదు, జబ్బు పైకి చూపించే రంగు. పాతబడిన ఎర్ర రక్తకణాలు చితికినప్పుడు బిలిరుబిన్ అనే పసుపు పదార్థం పుడుతుంది. కాలేయం దాన్ని పైత్యరసంలో కలిపి పేగుల్లోకి పంపేస్తుంది. కాలేయం వాచినప్పుడు ఈ పని కుంటుపడి, ఆ పసుపు రక్తంలోనే నిలిచి కళ్లకూ చర్మానికీ ఎక్కుతుంది. ఈ వాపు తెచ్చే ప్రధాన వైరస్‌లు ఐదు. హెపటైటిస్ ఎ, ఇ కలుషితమైన నీళ్లతో, తిండితో వస్తాయి. బి, సి ముఖ్యంగా రక్తం ద్వారా సోకుతాయి. బి తల్లి నుంచి బిడ్డకూ, లైంగిక సంబంధాల వల్లా వస్తుంది. డి మాత్రం బి ఉన్నవారికే అంటుకుంటుంది.

మునేరు ఒడ్డున ఉన్న పెనుగంచిప్రోలు లాంటి ఊళ్లలో వరద నీళ్లు తాగునీటిలో కలిస్తే మొదట భయపడాల్సింది ఎ, ఇ రకాలకే. కళ్లు పచ్చబడగానే చాలామందికి గుర్తొచ్చేది పసరు మందు, చప్పిడి పథ్యం. ఆ పసరుకు బాగా వాడే మొక్క నేల ఉసిరి. జానెడు ఎత్తున గట్ల మీద మొలిచే దీని రెమ్మల అడుగున ఆవగింజంత కాయలు వరుసగా వేలాడతాయి. మొక్కను వేళ్లతో సహా నూరి, మజ్జిగలో కలిపి పరగడుపున తాగిస్తారు. రోగి కొద్ది వారాల్లో కోలుకుంటాడు. అయితే ఎ, ఇ రకాలు చాలామందిలో ఏ మందూ లేకపోయినా ఆ వ్యవధిలోనే తగ్గిపోతాయి. పేరు మాత్రం పసరుకు దక్కుతుంది. నిండు గర్భిణులకు హెపటైటిస్ ఇ ప్రాణం మీదికి తేగలదు కాబట్టి వారి విషయంలో ఎదురుచూడటం తగదు.

చైనా సంప్రదాయ వైద్యంలోనూ కామెర్లకు పాత చరిత్ర ఉంది. సుమారు 1,800 ఏళ్ల కిందట జాంగ్ జోంగ్‌జింగ్ రాసిన గ్రంథంలో మాచిపత్రి జాతికి చెందిన యిన్‌చెన్, గార్డీనియా కాయలు, రేవల్చిన్ని వేరు కలిపి కాచే కషాయం ఉంది. ఒంట్లో తేమ, వేడి కలిసి పేరుకోవడమే కామెర్లకు మూలమని ఆ వైద్యం భావిస్తుంది. ఆక్యుపంక్చర్‌లో కాలేయానికి సంబంధించిన నాడీమార్గం కాలి బొటనవేలి దగ్గర మొదలవుతుంది. బొటనవేలికీ పక్క వేలికీ మధ్య, పాదం పైభాగాన ఉండే బిందువులో వెంట్రుకంత సన్నని సూది గుచ్చుతారు.

ఈ విద్యను మన దేశానికి తెచ్చినవారు కలకత్తా వైద్యుడు బిజయ్ కుమార్ బసు. 1938లో ద్వారకానాథ్ కోట్నిస్‌తో పాటు చైనాకు వెళ్లిన అయిదుగురు భారతీయ వైద్యుల్లో ఆయన ఒకరు. కొన్ని రకాల నొప్పులకు, వాంతులకు ఆక్యుపంక్చర్ ఉపయోగపడుతుందని పరీక్షలు చూపించాయి. దీర్ఘకాలిక హెపటైటిస్ బి విషయంలో మాత్రం ఆ మాట చెప్పలేం. 2019లో కొక్రేన్ సంస్థ అందుబాటులో ఉన్న పరీక్షలను సమీక్షించి, అవి నమ్మదగినంత బలంగా లేవని తేల్చింది.

పైగా సూదితో మరో చిక్కు ఉంది. 1984లో అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో ఒకే చికిత్సాలయంలో ఆక్యుపంక్చర్ చేయించుకున్న 35 మందికి హెపటైటిస్ బి సోకింది. ఒకరికి వాడిన సూదిని సరిగా శుద్ధి చేయకుండా మరొకరికి వాడితే వైరస్‌కు దారి ఇచ్చినట్టే. ఊళ్లో ఇంజెక్షన్ సూదికైనా, పచ్చబొట్టు సూదికైనా, క్షౌరం కత్తికైనా ఇదే సూత్రం వర్తిస్తుంది.

నేల ఉసిరిని ఆధునిక పద్ధతిలోనూ పరీక్షించి చూశారు. హెపటైటిస్ బి వైరస్‌ను గుర్తించి 1976లో నోబెల్ అందుకున్న బరూచ్ బ్లూంబర్గ్ బృందం దాన్ని ప్రయోగశాలలో పరిశీలించింది. 1988లో మద్రాసు పరిశోధకులు లాన్సెట్ పత్రికలో ఫలితం ప్రకటించారు: నేల ఉసిరి పొడిని 30 రోజులు తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ గుర్తు మాయమైంది, ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. ఎంతో ఆశ కలిగింది గానీ, తర్వాత ఇతర దేశాల్లో చేసిన పరీక్షల్లో ఆ ఫలితం మళ్లీ రాలేదు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. కాలేయం దెబ్బతిన్నప్పుడు రక్తంలో కొన్ని ఎంజైములు పెరుగుతాయి. చైనాలో ఒక మూలిక ఆధారంగా తయారైన డీడీబీ అనే మందు ఆ అంకెను తగ్గిస్తుంది, వైరస్‌ను మాత్రం తొలగించదు. అంకె తగ్గినా, కళ్లు తెల్లబడినా బి, సి వైరస్‌లు లోపల ఏళ్ల తరబడి ఉండి కాలేయాన్ని గట్టిపరచవచ్చు, క్యాన్సర్‌కూ దారితీయవచ్చు. మూలికలన్నీ నిరపాయమనీ అనుకోలేం. కోవిడ్ కాలంలో తిప్పతీగ వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్నట్టు ముంబై వైద్యులు 2021లో ప్రకటించారు.

బి రకానికి అసలు రక్ష టీకా. విదేశీ టీకా వందల రూపాయలు పలికే రోజుల్లో, వరప్రసాద్ రెడ్డి స్థాపించిన హైదరాబాద్ సంస్థ శాంతా బయోటెక్నిక్స్ 1997లో ‘శాన్‌వాక్-బి’ని తక్కువ ధరకు అందించింది. ఇప్పుడు ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్న ఈ టీకా మొదటి మోతాదు బిడ్డ పుట్టిన 24 గంటల్లోపే పడాలి. ఒకసారి ముదిరిన బి వైరస్‌ను టెనోఫోవిర్ లాంటి మాత్రలు అదుపులో ఉంచుతాయి. సి రకం మాత్రం సాధారణంగా 12 వారాల మాత్రలతో నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. 2018 జులై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఈ పరీక్షలూ మందులూ ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. కాబట్టి కళ్లు పచ్చబడితే పసరా, సూదా అన్నది తర్వాతి మాట. ఏ వైరస్సో చెప్పే రక్తపరీక్ష ముందు జరగాలి.