గాలిలో కరెంటు... పోపులడబ్బా పొదుపు

ముంజేతి గడియారం నాడి చూస్తోంది. చర్మానికి అంటించుకున్న బిళ్ల షుగరెంతో చెబుతోంది. బాగానే ఉంది. కానీ వీటన్నిటికీ ఒకటే జబ్బు... బ్యాటరీ!

మా అత్తగారికి గుండె లయ అప్పుడప్పుడూ తప్పుతుంటుంది. రాత్రి కాగానే గడియారం తీసి చార్జింగుకి పెట్టేస్తారు. లయ తప్పడానికి పగలూ రాత్రీ తేడా ఉండదు కదా! చేతికి ఉండగానే, గాలిలోంచే దానికి కరెంటు అందితే? ఈ సందేహంతో ఆరా తీశాను.

టీవీ టవర్లు, సెల్ టవర్లు, ఇంట్లో వైఫై... ఇవన్నీ రేడియో తరంగాలు పంపుతూనే ఉంటాయి. చిన్న యాంటెన్నాతో వాటిని పట్టి, కరెంటుగా మార్చి దాచుకోవచ్చు. ఇదేం కొత్త కాదు. పాతకాలపు క్రిస్టల్ రేడియో బ్యాటరీ లేకుండా పాడింది ఇలాగే!

అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో, మద్రాసు ఐఐటీలో చదివిన శ్యామ్ గొల్లకోట, తోటి పరిశోధకులు దీన్ని ముందుకు తీసుకెళ్లారు. వాళ్లు 2013లో బ్యాటరీలేని రెండు పరికరాల చేత కబుర్లు చెప్పించారు. అద్దంతో ఎండను ఎదురింటి గోడమీద తళుక్కుమనిపిస్తాం చూడండి, అలా టీవీ తరంగాలనే అటూ ఇటూ మళ్లించారన్నమాట. 2015లో వైఫై రౌటర్ సాఫ్ట్‌వేరు మార్చి, దాని పక్కనే పెట్టిన ఫిట్‌నెస్ బ్యాండును రెండున్నర గంటల్లో 41 శాతం చార్జి చేశారు.

'పక్కనే' అన్నమాట గమనించారా? కిటుకంతా అక్కడే ఉంది. దూరం పెరిగేకొద్దీ దక్కేది మైక్రోవాట్లే, అంటే వాటులో పదిలక్షలో వంతులే. అందుకే వాళ్లు ఖర్చు తగ్గించే దారి పట్టారు. 2017లో చేసిన బ్యాటరీలేని ఫోనుకు మూడున్నర మైక్రోవాట్లు చాలు. మనింటి 9 వాట్ల బల్బు తినేది దానికి పాతిక లక్షల రెట్లు!

పోపులడబ్బాలో చిల్లర దాచినట్లు, ఈ పరికరం బొట్టుబొట్టు కూడబెడుతుంది. సరిపడా చేరగానే లేచి ఒంటి వేడి చూసి, కబురు పంపి, మళ్లీ నిద్రపోతుంది. తెర వెలిగే గడియారానికి ఈ చిల్లర చాలదు. ఎప్పుడో ఓసారి కొలిచే చిన్న బిళ్లకైతే సరిపోవచ్చు. కాబట్టి 'గాలితోనే ఫోను చార్జింగు' అని ఎవరైనా స్టిక్కరు అమ్మజూపితే డబ్బు పోగొట్టుకోకండి.

అందాకా గడియారం చార్జింగుకి స్నానం వేళో, టిఫిను వేళో కేటాయించండి. రాత్రి మాత్రం చేతికే ఉండనివ్వండి. మా ఇంట్లో ఇప్పుడదే పద్ధతి!